పింజ పాల బాకీ

నంద్యాలలో ప్యాసింజరు రైలు ఎక్కేసరికి ఉదయం ఏడు గంటలు కావచ్చింది. జనవరి మాసపు మంచు ఇంకా చేల మీదనుంచి లేవలేదు. ఫజ్ర్ నమాజు కర్నూలులోనే ముగించుకొని తొలి బస్సులో నంద్యాల చేరుకొన్నాము. మేము నలుగురం తోబుట్టువులం: ఇద్దరు ఆడవాళ్ళం, ఇద్దరు మగవాళ్ళం. మాతో మాలో పెద్దామె కూతురు, ఎనిమిదేళ్ళ పిల్ల. వెళ్తున్నది జమ్మలమడుగుకు, మా జేజినాయన ఇంటికి. ఆయన లేని ఇంటికి మేమందరం కలిసి వెళ్ళడం అదే మొదటిసారి.

మా సామానులో అన్నిటికన్నా చిన్నది ఒక గుడ్డ సంచి. జేజినాయన తన చేతులతో కుట్టుకొన్నది. అందులో 3,300 రూపాయలు, నాలుగు మడతలు వేసిన ఒక కాగితం ఉన్నాయి. ఆ రైలు పెట్టెలో మాకు అంతకన్నా బరువైన వస్తువు మరొకటి లేదు.

నంద్యాల నుంచి ఎర్రగుంట్లకు వేసిన ఈ రైలుదారి 2016లో ప్రారంభమయింది. మా చిన్నతనంలో ఈ దారి లేదు. కోయిలకుంట్ల మీదుగా బస్సులో దుమ్ము తింటూ పోవడమే. ఇప్పుడు కిటికీ పక్కన కూర్చొంటే బనగానపల్లె, కోయిలకుంట్ల, నొస్సం ఒక్కొక్కటే వెనక్కి జరిగిపోతాయి. బనగానపల్లె 1948 వరకు నవాబుల ఏలుబడిలో ఉన్న చిన్న సంస్థానం. ఈనాడు దాని పేరు చెబితే అందరికీ గుర్తుకు వచ్చేది మామిడిపండు. దారి పొడుగునా నల్లరేగడి. ఒకప్పుడు ఈ కాలానికి పత్తి తెల్లగా విచ్చుకొని ఉండే చేలలో ఇప్పుడు కనుచూపు మేర శనగ పైరు కనిపించింది. ఆ పత్తినే నమ్ముకొని బ్రతికిన మనిషి మా జేజినాయన.

మాది దూదేకుల కుటుంబం. నూర్‌బాషాలని కూడా అంటారు. ఇంట్లో తెలుగే మాట్లాడుకొంటాము. నమాజు, ఖుర్ఆన్ పారాయణం జేజినాయన నేర్పితే, పద్యాలు, సామెతలు కూడా ఆయన నోటనే విన్నాము. మనిషి కన్నా పొడవైన విల్లును భుజాన వేసుకొని, రెండు కొసలా గుండ్లు ఉన్న చెక్క పిడిని చేతబట్టుకొని ఆయన చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగేవారు. నరంతో బిగించిన విల్లు తాడును పత్తి కుప్ప మీద ఉంచి పిడితో కొడితే 'తుంయ్'మని మోగేది. ఆ దెబ్బకు ముద్దకట్టిన పత్తి విడివడి, గింజల నలుసులు రాలిపోయి, పింజలు పింజలుగా గాలిలోకి లేచేది. ఆ వైపు పల్లెల్లో ఎన్ని ఇళ్ళలో పెండ్లి పరుపులు ఆయన కుట్టినవో లెక్క లేదు. ఏ మతంవారి ఇల్లయినా, ఏ కులంవారి అరుగయినా ఆయన విల్లుకు ఒకటే.

ఆయనకు ఒక నియమం ఉండేది. పాత దూదిని కొత్త దూదిలో కలిపేవారు కాదు. కలిపితే ఎవరికీ తెలియదు. గలేబు కుట్టేసిన తరువాత లోపల ఏముందో చూసేవారెవరు? "పరుపులో ఏముందో కుట్టినవాడికీ, అల్లాహ్‌కూ తప్ప మూడోవాడికి తెలియదు. అందుకే భయపడాల" అనేవారు. ఆ మాట మేము చిన్నప్పుడు వందసార్లు విన్నాము. విన్న మాట ఒంటబట్టడం వేరని ఆలస్యంగా తెలుసుకొన్నాము.

పింజ మా ఇంటికి వచ్చింది ఆ పత్తి కుప్పలోనుంచే. ఒక వానకాలపు ఉదయం జేజినాయన కుప్ప కదిలించబోతే లోపలినుంచి సన్నని మ్యావు వినిపించింది. కళ్ళు అప్పుడప్పుడే విప్పుతున్న పిల్లి కూన. ఒక చెవి మాత్రం బూడిదరంగు, తక్కినదంతా తెలుపు. పత్తిలో పెట్టి చూస్తే ఏది పత్తో, ఏది పిల్లో తెలిసేది కాదు. తల్లి వచ్చి తీసుకొనిపోతుందేమోనని ఆయన ఆ రోజు పని ఆపి, కుప్పను ముట్టకుండా సాయంత్రం దాకా అరుగు మీద కూర్చొన్నారు. తల్లి రాలేదు. "సరే, ఇది మన ఇంటి పింజ" అన్నారు. పేరు అలా నిలిచిపోయింది.

పత్తి ఉన్న ఇంటికి ఎలుక శత్రువు. పింజ పెద్దదయ్యాక మా కొట్టంలో ఎలుక గూడు పెట్టిన పాపాన పోలేదు. దానికి ప్రతిఫలంగా ఉదయం గిన్నెడు పాలు, మధ్యాహ్నం జొన్నరొట్టె ముక్క, రాత్రి జేజినాయన కాళ్ళ దగ్గర చోటు. ఆయన వుజూ చేసుకొనే వేళకు అది సరిగ్గా వచ్చి చెంబు దగ్గర నిలబడేది. ఆయన చెంబు వంచి, అది తాగినంతసేపు ఆగి, ఆ తరువాత తన వుజూ కొనసాగించేవారు. మేము ముఖం చిట్లిస్తే హజ్రత్ అబూ ఖతాదా (రజి) వృత్తాంతం చెప్పేవారు. ఆయన కూడా వుజూ నీళ్ళ పాత్రను పిల్లి కోసం వంచి పట్టుకొన్నారట. చూస్తున్న కోడలు ఆశ్చర్యపోతే, పిల్లి అశుద్ధమైనది కాదనీ, అది మీ మధ్య తిరుగాడే ప్రాణి అనీ దైవప్రవక్త (స) సెలవిచ్చారని ఆమెకు తెలియజేశారట. "మన మధ్య తిరిగేదానికి మన దగ్గర హక్కుంటాది" అని జేజినాయన ఆ కథను ముగించేవారు.

కాలం మారింది. దూది ఏకే యంత్రాలు వచ్చాయి, వాటి వెనుకనే స్పంజి పరుపులు వచ్చాయి. విల్లు గోడకెక్కింది. జేజి కన్నుమూసింది. చిన్నాన్న బతుకుతెరువుకు కువైట్ వెళ్ళారు. మేనత్త అత్తవారి ఊరు రాయచోటి. మేము చదువులు, ఉద్యోగాల పేరిట కర్నూలులో స్థిరపడ్డాము. ఎన్నిసార్లు రమ్మన్నా జేజినాయన కదలలేదు. ఆ ఇంట్లో ఆయన, పింజ ఇద్దరే మిగిలారు.

చివరికి గుండె జబ్బు ఆయనను కదిలించింది. రెండేళ్ళ క్రిందట కర్నూలుకు తీసుకొనివచ్చాము. మా అద్దె ఇంట్లో పిల్లిని ఉంచడానికి యజమాని ఒప్పుకోలేదు. పింజను పక్కింటి అవ్వకు అప్పగించాము. వాళ్ళది మగ్గం నేసే ఇల్లు. కారు ఎక్కేముందు జేజినాయన ఆమెతో, "ఇది నా అమానతు తల్లీ. పాల దుడ్లు నేను లెక్క కట్టి ఇస్తా" అన్నారు. ఆమె నవ్వి, "నీ పిల్లి తాగే పాలకు లెక్కలేంటికి మామా" అంది. మేము ఆ మాటలను అంతగా పట్టించుకోలేదు.

కర్నూలులో ప్రతి శుక్రవారం జుమా నమాజు తరువాత ఆయన అడిగే ప్రశ్న ఒకటే: "పింజ ఎట్లుందంట?" మేము ఫోను చేసి కనుక్కొని చెప్పేవాళ్ళం. నాలుగో నెల చివర ఒక రాత్రి అవ్వ ఫోను చేసింది. పింజ రెండు రోజులుగా పాలు ముట్టలేదనీ, ఆ సాయంత్రం మా ఇంటి గడప మీదికి పోయి పడుకొని మళ్ళీ లేవలేదనీ చెప్పింది. పెరట్లో వేపచెట్టు కింద పూడ్చిపెట్టించిందట. దానికి అప్పటికి పదమూడేళ్ళు.

ఆ రాత్రి మేము వంటింట్లో కూర్చొని నిర్ణయం చేసుకొన్నాము. గుండె బలహీనంగా ఉంది, ఆందోళన కలిగించకూడదని వైద్యుడు చెప్పి ఉన్నాడు. ఆయనకు చెప్పవద్దు. మాలో ఒక్కరమూ కాదనలేదు. మరుసటి శుక్రవారం ఆయన అడిగారు. "బాగుంది జేజినాయనా" అన్నాము. ఆ తరువాత ఏడు నెలలపాటు ప్రతి శుక్రవారం అదే మాట చెప్పాము. మొదట్లో గొంతు తడబడేది. క్రమంగా అది కూడా పోయింది. ఒకసారి "పాలు సరిగ్గా తాగుతోందట" అని అడగనిదానికి కూడా జవాబు చెప్పాము. ఒక అబద్ధానికి గలేబు కుట్టడం నేర్చిన చేతులు పాత దూదిని కలపడం కూడా నేర్చుకొంటాయి.

ఒక వేకువజామున జేజినాయన అల్లాహ్ సన్నిధికి చేరుకొన్నారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. ఆయన కోరిక మేరకు జమ్మలమడుగుకు తీసుకొనివెళ్ళి, జనాజా నమాజు జరిపించి, మా నాన్న పక్కన ఖననం చేసి, అదే రాత్రి తిరిగి వచ్చాము. ఆనాడు పక్కింటి అవ్వ ఊళ్ళో లేదు.

నెలల తరువాత ఆయన ట్రంకుపెట్టె సర్దుతుంటే జానమాజు మడతలో గుడ్డ సంచి దొరికింది. కాగితం మీద వంకరటింకర తెలుగు అక్షరాలలో ఇలా ఉంది: 'పింజ పాలకు పక్కింటికి ఇయ్యవలసిన బాకీ.' దాని కింద పదకొండు గీతలు, ఒక్కొక్క గీత పక్కన 300. మందులకనీ, చిల్లర ఖర్చులకనీ మేమిచ్చిన డబ్బులోంచి నెలనెలా తీసిపెట్టారు. పదకొండు మూడువందలు 3,300. గీతలు లెక్కపెడుతూ మేము నాలుగో గీత దగ్గర ఆగిపోయాము. అక్కడికి పింజ బ్రతికి ఉంది. తక్కిన ఏడు గీతలూ మా మాటను నమ్మి ఆయన గీసినవి.

జమ్మలమడుగు స్టేషనులో దిగి ఆటోలో ఇల్లు చేరుకొన్నాము. నాపరాళ్ళు పరచిన సందు, రాతి గోడలు, పైన మట్టి మిద్దె. తలుపు తీయగానే ఏడాది మూసి ఉన్న ఇంటి వాసన, దాని అడుగున ఎక్కడో పత్తి వాసన. గవాక్షిలోనుంచి పడే వెలుగు సరిగ్గా గోడ మీది విల్లు దగ్గరకు వచ్చి నిలిచింది. తాడు తెగి వేలాడుతోంది. మాలో ఎవరూ మాట్లాడలేదు. పిల్ల మాత్రం గడప మీద కూర్చొని, అరచేతితో రాతిని తడిమి చూసింది. పింజ ఆఖరున పడుకొన్నది అక్కడే అని దానికి మేము చెప్పలేదు. పెద్దవాళ్ళ ఫోను మాటలు పిల్లలు వినరని మనం అనుకొంటాము.

మా అలికిడికి పక్కింటి అవ్వ వచ్చింది. "రాండి నాయనా, రాండి. ఇన్నాళ్ళకు వస్తిరి" అంటూ అందరి తలలూ నిమిరింది. మామ కడపటి చూపు తనకు దక్కలేదని కళ్ళు ఒత్తుకొంది. వాళ్ళ ఇంట్లో కూర్చోబెట్టి ఉగ్గాని పెట్టింది. లోపల మగ్గం చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. మాటల మధ్యలో హఠాత్తుగా అడిగింది:

"పింజ సంగతి చెప్తే మామ ఏమన్యాడు?"

మేము పళ్ళెంలోకి చూస్తూ ఉండిపోయాము. పిల్ల తల ఎత్తి, "చెప్పలేదవ్వా. బాగుందని చెప్పినారు" అంది.

అవ్వ కొంతసేపు మమ్మల్నే చూసింది. ఆమె చూపులో కోపం లేదు. ఆశ్చర్యం ఉంది.

"ఏంటికి నాయనా అట్ల చేస్తిరి?"

గుండె సంగతి చెప్పాము. వైద్యుడి మాట చెప్పాము. అవ్వ అంతా విని, నెమ్మదిగా అంది: "ఆ మనిషి పెండ్లాన్ని మట్టికిచ్చినాడు. కడుపున పుట్టిన కొడుకును మట్టికిచ్చినాడు. నేను చూసినదాన్నే. ఏడ్సేటప్పుడు ఏడ్సినాడు. మీ దేవుని మాట ఒకటి అంటాడే, అది అన్యాడు. మళ్ళ నాలుగు దినాలకు విల్లు అందుకొన్యాడు. అంత మనిషి పిల్లి సావుకు తట్టుకోలేడని మీరెట్ల అనుకొంటిరి? దానికోసరం ఒక్క దినమన్నా ఏడ్సుకొనేది ల్యాకపాయె కదా మామకు."

ఆ మాటతో మాకు ముప్ఫై ఏళ్ళ కిందటి రోజు కళ్ళ ముందుకు వచ్చింది. మా నాన్న ప్రమాదంలో పోయిన రోజు. మాలో పెద్దామెకు పదకొండేళ్ళు, చిన్నవాడికి నాలుగు. ఇంటినిండా జనం. చుట్టపక్కాలు మాతో, మీ నాన్న ఊరికి పోయినాడు, వస్తాడు అంటున్నారు. జేజినాయన మా నలుగురినీ కొట్టంలోకి తీసుకొనిపోయి, పత్తి కుప్ప మీద కూర్చోబెట్టి, తాను నేల మీద కూర్చొని, "మీ నాయన ఇంక రాడు. అల్లాహ్ దగ్గరికి పోయినాడు. నాకూ ఏడుపొస్తాంది. మనం కలిసి ఏడ్సుకొందాము" అన్నారు. పొద్దుపోయేదాకా ఏడ్చాము. ఆ తరువాత ఏ రోజూ మేము వీధి మలుపు వైపు చూస్తూ నాన్న కోసం ఎదురుచూడలేదు. పసిపిల్లలమైన మాకు ఆయన ఇచ్చిన గౌరవాన్ని, పండు వయసులో ఉన్న ఆయనకు మేము ఇవ్వలేకపోయాము. ఆయన గుండెను కాపాడాలనుకొన్నది నిజమే. ఆయన కన్నీళ్ళు చూడటానికి మాకు ధైర్యం లేకపోవడం కూడా అంతే నిజం. రెండోదానిని మొదటిదాని గలేబులో పెట్టి కుట్టాము.

గుడ్డ సంచి తీసి అవ్వ ముందు పెట్టాము. వద్దని చేతులు అడ్డం పెట్టింది. కాగితం చదివి వినిపించాము. 'బాకీ' అన్న మాట దగ్గర ఆమె చేతులు దిగాయి.

"బాకీ అని రాసినాడా? అయితే తీసుకొంటా. తీసుకోకుంటే మామ మీద బాకీ నిలుస్తాది" అంది. నాలుగు నెలల లెక్క, 1,200 రూపాయలు, కొంగున ముడి వేసుకొంది. ముడి వేసుకొంటూ మా వైపు చూసి, "తక్కిన ఏడు నెలలవీ నాయి కాదు. అవి మీయి" అంది. ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. లెక్క మాత్రమే చెప్పింది. కానీ ఆ లెక్క మాకు సరిగ్గానే తగిలింది.

పెరట్లో వేపచెట్టు కింద ఒక నాపరాయి ముక్క పాతి ఉంది. అవ్వ మనుమడు నాటాడట. పిల్ల అక్కడ రెండు వేపపుల్లలు పెట్టి వచ్చింది. అస్ర్‌కు ముందు ఖబరస్తాన్‌కు వెళ్ళాము. ఆడవాళ్ళు గోడ బయట నిలిచి దుఆ చేస్తే, మగవాళ్ళు పిల్లను వెంటబెట్టుకొని లోపలికి వెళ్ళారు. సమాధివాసులకు సలాము చెప్పి, జేజినాయన కోసం, నాన్న కోసం మగ్‌ఫిరత్ వేడుకొన్నాము. మట్టి సమాధులు, తలవైపు పేరు లేని నాపరాళ్ళు. ఆయన కోరుకొన్నది కూడా అంతే. ఏడు నెలల అబద్ధానికి ఆయనను క్షమాపణ అడిగే దారి ఇప్పుడు మాకు లేదు. తౌబా చేసి, ఆయన పేర ఒక మంచి పని మిగల్చడం తప్ప.

మరునాడు తెల్లవారి గండికోటకు బయలుదేరాము. జమ్మలమడుగుకు పడమటగా పదిహేను కిలోమీటర్ల దూరం. మా చిన్నతనంలో ప్రతి పండుగ మరునాడు జేజినాయన మమ్మల్ని అక్కడికి తీసుకొనిపోయేవారు. ఎర్రమల కొండలను నిట్టనిలువునా కోసుకొంటూ పెన్న పారే గండి, దాని అంచున కోట. ఇప్పుడు దేశం నలుమూలల నుంచి జనం వచ్చి ఆ లోయ అంచున ఫోటోలు దిగుతున్నారు. అప్పట్లో మేము, మేకల కాపరులు, గాలి మాత్రమే ఉండేవాళ్ళం.

కోట ద్వారం దాటి, చార్మినారు నమూనాలో కట్టిన పావురాల గోపురాన్ని చూసి, జామియా మసీదు ఆవరణలోకి అడుగుపెట్టాము. రెండు మీనార్లు, చుట్టూ కమానుల వరుస, మధ్యన విశాలమైన ప్రాంగణం. మసీదుకు సమీపంలోనే రాతితో కట్టిన పెద్ద ధాన్యాగారం, మరికొంత దూరాన మాధవరాయ స్వామి ఆలయ గోపురం. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకుల అధీనంలో ఉన్న ఈ కోట, 17వ శతాబ్దం మధ్యలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమయింది. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ ఇక్కడికి వచ్చి మీర్ జుమ్లాను కలుసుకొన్నాడు. ఈ చరిత్రంతా మేము తరువాత పుస్తకాలలో చదువుకొన్నాము. జేజినాయన చెప్పిన చరిత్ర వేరు. ఆయన ధాన్యాగారం ముందు నిలబడి, కప్పు వైపు చూసి, "ఇంత గాదెకు ఎన్ని పిల్లులు కావల్సి వచ్చిందో! మీర్ జుమ్లా పేరు అందరూ చెప్తారు. ఆ పిల్లుల పేర్లు చెప్పేవాళ్ళే లేరు" అనేవారు. మేము పగలబడి నవ్వేవాళ్ళం. ఆ రోజు అదే చోట నిలబడి ఆ మాట పిల్లకు చెప్పాము. అది నవ్వలేదు. కాసేపు ఆలోచించి అడిగింది:

"పింజ కూడా అల్లాహ్ దగ్గరికే పోయిందా?"

ఈసారి మేము తొందరపడలేదు. మసీదు నీడలో కూర్చొని, తెలిసినంతవరకే చెప్పాము. భూమి మీద నడిచే జంతువులూ, రెక్కలతో ఎగిరే పక్షులూ మనలాంటి సముదాయాలేననీ, అవన్నీ తమ ప్రభువు వద్దకు సమీకరించబడతాయనీ దివ్యఖుర్ఆన్ (6:38) తెలియజేస్తోందని చెప్పాము. ఆపైన వాటి సంగతి వాటిని సృష్టించినవాడికే వదిలేయాలనీ, ఆయన ఎవరికీ అన్యాయం చేయడనీ చెప్పాము. పిల్ల తల ఊపింది.

అప్పుడు అబూ ఉమైర్ కథ చెప్పాము. హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు, చిన్నపిల్లవాడు. ఒక చిన్న పిట్టను పెంచుకొని దానితో ఆడుకొనేవాడు. ఒకనాడు ఆ పిట్ట చనిపోయింది. దైవప్రవక్త (స) వారి ఇంటికి వచ్చేసరికి పిల్లవాడు దిగాలుగా ఉన్నాడు. కారణం ఏమిటని అడిగితే ఇంట్లోవారు విషయం చెప్పారు. ఆయన పిల్లవాడి దగ్గరికి వెళ్ళి, పెద్దమనిషిని పిలిచినట్లు అబూ ఉమైర్ అని పిలిచి, ప్రాసతో ఆప్యాయంగా, నీ పిట్ట ఏమైందని పలకరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఆ పలకరింపు నమోదయింది. సమాజాన్ని నడిపించే బాధ్యత భుజాన ఉన్న మహనీయునికి, ఒక పసివాడి పిట్ట చావు చిన్న విషయంగా తోచలేదు.

పిల్ల వింటూ వింటూ, "అంటే ఆ ఇంట్లోవాళ్ళు దాచిపెట్టలేదు. పిట్ట చచ్చిపోయిందని చెప్పినారు. అందుకే ఆయన ఓదార్చగలిగినారు" అంది.

ఆ హదీసును మేము ఎన్నోసార్లు విన్నాము, ఇతరులకు చెప్పాము. పిల్లల పట్ల ప్రేమకూ, మూగజీవాల పట్ల దయకూ ఉదాహరణగా వాడుకొన్నాము. దుఃఖాన్ని చెప్పుకొన్నప్పుడే ఓదార్పు వస్తుందన్న ఇంత తేట విషయం ఆ రోజు దాకా మా కంటపడలేదు.

"పెద్ద జేజినాయనకు అబద్ధం చెప్పడం మా తప్పు" అన్నాము. నలుగురమూ ఆ మాట దాని ముందు పలికాము. పిల్ల ఏమీ అనలేదు. లేచి, మా చేయి పట్టుకొని, "నది చూద్దాం రాండి" అంది. లోయ అంచుకు నడిచాము. ఎంతో లోతున పెన్న పచ్చగా, నిశ్శబ్దంగా పారుతోంది. గాలి బలంగా వీస్తోంది. ఎక్కడినుంచో ఒక తెల్లని పింజ ఎగిరి వచ్చి, కొంతసేపు మా ముందు తేలి, లోయలోకి జారిపోయింది. అది ఏ జిల్లేడు దూదో అయి ఉంటుంది. అయినా అందరం దాన్నే చూస్తూ నిలబడ్డాము.

మిగిలిన 2,100 రూపాయలు జేజినాయన విడిచిన సొత్తు. షరీఅత్ ప్రకారం వారసులు చిన్నాన్న, మేనత్త. ఇద్దరికీ ఫోను చేసి జరిగినదంతా, మా అబద్ధంతో సహా చెప్పాము. చిన్నాన్న కువైట్ నుంచి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఆ పిల్లి పేరుతోనే ఏమన్నా చేయండి" అన్నారు. మేనత్త సరేనంది. మేము మరికొంత కలిపి, రాళ్ళు కొట్టేవారి దగ్గర ఒక రాతి నీళ్ళతొట్టి కొన్నాము. దానిని మా ఇంటి ముందు, గడపకు కుడివైపున, నేలకు తగ్గుగా పెట్టించాము. కుక్కకూ, పిల్లికీ, మేకకూ అందాలి కదా. దాహంతో ఉన్న కుక్కకు నీళ్ళు పోసినవాడిని అల్లాహ్ క్షమించాడని దైవప్రవక్త (స) చెప్పిన సంగతి మనందరికీ తెలిసినదే. ఆ క్షమాపణలో ఒక చుక్క జేజినాయనకూ, ఒక చుక్క మాకూ దక్కుతుందని మా ఆశ. రోజూ నీళ్ళు నింపే పని అవ్వ తీసుకొంది. ఈసారి లెక్క కట్టవద్దని ముందే చెప్పింది.

మన ఇళ్ళలో మంచం పట్టిన పెద్దలు ఉన్నారు. వారి వద్ద మనం మాటలు తగ్గిస్తాము, తలుపులు దగ్గరగా వేస్తాము, చావు కబుర్లు గడప బయటే ఆపేస్తాము. అది ప్రేమే. వైద్యుల మాట వినవలసిందే, చెప్పే వేళ, చెప్పే తీరు చూసుకోవలసిందే. కానీ వారు మనకన్నా ఎక్కువ మరణాలను చూసినవారనీ, సహనాన్ని మనకు నేర్పినవారనీ మరచిపోరాదు. తాను ప్రేమించినదాని కోసం కన్నీరు కార్చడం, 'ఇన్నా లిల్లాహి' అనుకొని మనసును కుదుటపరచుకోవడం ప్రతి మనిషి హక్కు. ఆ హక్కును దయ పేరిట లాగుకోరాదని మేము మూల్యం చెల్లించి నేర్చుకొన్నాము.

తిరుగు రైలులో గుడ్డ సంచి ఖాళీగా ఉంది. కాగితాన్ని మాత్రం దాచుకొన్నాము. పదకొండు గీతల కింద పిల్ల తన పెన్సిలుతో ఒక మాట రాసింది: 'తీరింది.' పింజ పాల బాకీ తీరింది. ఏడు నెలల అబద్ధపు బాకీ మాత్రం మా ప్రభువుకూ మాకూ మధ్య మిగిలి ఉంది.

అల్లాహ్ మా జేజినాయన సమాధిని వెలుగుతో నింపుగాక! ఆయన దాచినది మాపై నమ్మకంతో, మేము దాచినది భయంతో. ఆయన కరుణామయుడు మమ్మల్ని క్షమించుగాక! ఆమీన్.